నిచ్చెన మీది మనిషి

మా లైబ్రరీలో చదువుకునే గదికి ఒక గోడ మొత్తం ఒకే బొమ్మ. ఆ బొమ్మలో ఉన్నది కూడా ఆ గదే. అవే పొడుగు బల్లలు, అవే కుంటి కుర్చీలు, అదే ఫ్యాను. బొమ్మలో ఫ్యానుకీ అసలు ఫ్యానుకీ వేగంలో పెద్ద తేడా లేదు. కూర్చున్నవాళ్ళు కూడా మావాళ్ళే. పేపరు ముఖం మీద కప్పుకుని నిద్రపోయే రిటైరైన పోస్టుమాస్టరు, వంటల పుస్తకాలని నవలల్లా ఊపిరి బిగబట్టి చదివే దర్జీ ఆవిడ, పరీక్షల పుస్తకం ముందు పెట్టుకుని కిటికీలోకి చూసే అమ్మాయి, మూలన కౌంటరు వెనకాల నేను.

కిందటేడు దాకా, కొత్తగా వచ్చినవాళ్ళు మొదటిరోజు బొమ్మని చూసి మురిసిపోయేవాళ్ళు. రెండోరోజు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగేవాళ్ళు, ఆ పుస్తకాల మీద పేర్లు లేవేమిటండీ అని. నిజమే. గోడంతా పుస్తకాలే, ఒక్క అట్ట మీదా ఒక్క అక్షరం ఉండేది కాదు. పేపరు మీద కూడా గీతలే తప్ప మాటలుండేవి కావు. నా ముందున్న చిన్న బోర్డు కూడా ఖాళీయే. దాని మీద ‘నిశ్శబ్దం’ అని ఉండాల్సింది. అది లేకపోబట్టే ఇక్కడ నా మాట ఎవరూ వినేవాళ్ళు కాదని నా గట్టి అనుమానం.

ఆ బొమ్మ వేసినాయన్ని అందరం బొమ్మల బాబాయి అంటాం. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. గోళ్ళ కింద ఎప్పుడూ ఏదో ఒక రంగు ఇరుక్కుని ఉంటుంది. దాన్ని బట్టి ఆ వారం ఏం వేశాడో చెప్పొచ్చు. ఆయన అసలు పని షాపులకి బోర్డులు రాయడం. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని చతికిలబడ్డాక, అప్పటి మా పెద్దసారు పిలిచి ఈ గోడ చూపించాడు. జ్ఞానం, వెలుగు, రెక్కలు విప్పిన పావురాలు, అలాంటివేవో వెయ్యమన్నాడు. బాబాయి కాసేపు తల గోక్కుని, జ్ఞానాన్ని నేనెప్పుడూ చూడలేదు సార్, చూసిందైతే వెయ్యగలను అన్నాడట. ఆ తర్వాత కొన్నాళ్ళు రోజూ వచ్చి ఓ మూల కుర్చీలో ఊరికే కూర్చున్నాడు. పుస్తకం తెరవడు, పేపరు ముట్టడు, అందర్నీ చూస్తుంటాడు. పైనుంచి తనిఖీకి వచ్చిన ఆఫీసరేమోనని నేను ఆ రోజుల్లో టైముకి ముందే వచ్చి చచ్చాను.

ఏడాదికోసారి మేం లైబ్రరీ మూసి పుస్తకాలన్నీ దింపి దుమ్ము దులుపుతాం. దానికి దులుపుడు వారం అని పేరు. ఆ వారం బాబాయి రంగు డబ్బాలు, గుడ్డపీలికలు పట్టుకుని దిగుతాడు. మొదటి ఏడాది చెమ్మకి పొక్కిన చోట పూతలు వెయ్యడానికే వచ్చాడు. వచ్చినవాడు, మూసినా పేపరు కోసం వచ్చిన పోస్టుమాస్టర్ని ఒకసారి ఎదురుగా చూశాడు, ఒకసారి గోడ మీద చూశాడు. ఎదురుగా ఉన్నాయన జుట్టు అప్పటికే నెరిసిపోయింది. గోడ అబద్ధం చెబుతోందమ్మాయ్ అని బొమ్మలో తల కూడా నెరిపించేశాడు. అప్పట్నుంచి అదే అలవాటైపోయింది. దర్జీ ఆవిడకి కళ్ళజోడు వస్తే గోడ మీదా వచ్చింది. పరీక్షల అమ్మాయికి ఉద్యోగం వచ్చి ఒళ్ళు చేస్తే గోడ మీదా కాస్త కుర్చీ నిండింది. ఆమె వారం రోజులు బాబాయితో మాట్లాడలేదు.

నేను జుట్టుకి రంగు వేసుకోవడం మొదలుపెట్టిన ఏడాది, బాబాయ్, నా జోలికి రాకు, నాది నల్లగానే ఉంది అని ముందే హెచ్చరించాను. ఆయన బుద్ధిగా తలూపాడు. ఆ సాయంత్రం చూసుకుంటే జుట్టంతా నిగనిగలాడే నలుపు, పాపిడి దగ్గర మాత్రం సన్నటి తెల్లగీత. రంగు వేసి మూడోవారం అనుకుంటాను అప్పటికి. గొడవ పడితే, చూసిందే వేస్తానమ్మాయ్, నేనేం చెయ్యను అన్నాడు. ఆ గీత ఇప్పటికీ ఉంది.

పోస్టుమాస్టరు కన్నుమూసిన ఏడాది నాకు భయమేసింది, ఆయన్ని ఏం చేస్తాడో అని. ఏమీ చెయ్యలేదు. మెత్తటి గుడ్డతో ఆయన మీద దుమ్ము మాత్రం తుడిచి పక్క కుర్చీకి జరిగాడు. ఇప్పటికీ ప్రతి ఏడూ అంతే చేస్తాడు.

గోడ మీద అందర్నీ మేం గుర్తుపట్టేవాళ్ళం, ఒక్కరిని తప్ప. కుడివైపు ఎత్తు బీరువాకి నిచ్చెన వేసుకుని, మనవైపు వీపు పెట్టి, పై అరలో పుస్తకం కోసం చెయ్యి చాపిన మనిషి ఒకడుండేవాడు. మొదట్లో నల్లజుట్టు, నిటారు వీపు. తర్వాత నడినెత్తి మీద గుండ్రంగా పలచబడింది. తర్వాత ఎడమ భుజం కిందికి వాలింది. రెండేళ్ళ కిందట ఆ నిచ్చెన మెట్టుకి ఒక చేతికర్ర కూడా తగిలించి ఉంది. చేతికర్రతో నడిచే ముసలాయన్ని నిచ్చెనెక్కించే లైబ్రరీ ఎక్కడుంది బాబాయ్ అని మేం ఏడిపించేవాళ్ళం. ఎవరీయన అంటే, ఎవరో లే, పాత పాఠకుడు అనేసి డబ్బా మూత వెతుక్కునేవాడు.

కిందటేడు మాకు కొత్త పెద్ద మేడం వచ్చింది. మంచి మనిషి, ఒక్కచోట నిలవదు. వచ్చీరాగానే మెట్ల పక్కన పిల్లల బొమ్మలు వరసగా తగిలించింది. గుమ్మం దగ్గర అద్దాల బీరువా పెట్టించి అందులో పదిహేను రోజులకోసారి ఏదో ఒకటి సర్దేది. పాత పటాలు, చీమల మీద పుస్తకాలు, ఒకసారి అచ్చంగా చిరిగిపోయిన పుస్తకాలే. ఎలా చింపకూడదో జనం చూడాలని. గోడ బొమ్మంటే ఆవిడకీ ప్రాణమే. కానీ ఖాళీ అట్టలు మాత్రం కంట్లో నలుసులా ఉండేవి. దులుపుడు వారం మొదటిరోజే బాబాయిని పక్కన కూర్చోబెట్టుకుని మర్యాదగా చెప్పింది. లైబ్రరీలో పేర్లు లేని పుస్తకాలేమిటి బాబాయిగారూ, పిల్లలు రోజూ అడుగుతున్నారు, మంచి పేర్లు మీరే రాయండి, కుదరకపోతే నేను స్టిక్కర్లు కొట్టించి అతికిస్తాను, మళ్ళీ తలుపులు తెరిచేలోపు ఏదో ఒకటి అయిపోవాలి అంది.

బాబాయి ముఖం మాడలేదు, కోపం రాలేదు. అతికించుకోండమ్మా, లైబ్రరీ మీది, అన్నాడు. ఆ తర్వాత, నేను మాత్రం ఇంక రాను, అన్నాడు.

ఆయన రాకపోతే గోడకేం కాదు, ఎనామిల్ రంగు, మేం పోయాక కూడా ఉంటుంది. కానీ మేమందరం ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోతాం. పాపిడిలో తెల్లగీత గురించి ఏడాదంతా తిట్టుకున్నదాన్ని, ఆ గీత ఇంక వెడల్పవదని తెలిసేసరికి ఏడుపొచ్చినంత పనైంది.

మధ్యాహ్నం వెనక మెట్ల మీద కుంచెలు కడుక్కుంటుంటే పక్కన కూలబడి అడిగాను. రాయడానికి నీకేం రోగం బాబాయ్, బోర్డులు రాసి బతికినవాడివే కదా అని. అప్పుడు చెప్పాడు.

బోర్డులు రాసింది ఆయన కాదట, వాళ్ళన్నయ్య. చిన్నప్పట్నుంచీ ఇద్దరిదీ ఒకే షాపు. అక్షరాలు అన్నయ్యవి, బొమ్మలు తమ్ముడివి. ఎవరి పని వాళ్ళదే, ఒకరి కుంచె ఒకరు ముట్టుకోరు. పై వరస రాసేటప్పుడు అన్నయ్య నిచ్చెనెక్కితే కింద తమ్ముడు పట్టుకోవాలి. పట్టుకునేవాడు లేకుండా అన్నయ్య ఒక్క మెట్టు కూడా ఎక్కేవాడు కాదు. అలా నడివయసు దాకా ఏ అరమరికా లేకుండా గడిచింది. ఒకసారి అన్నయ్యకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. తెల్లారితే గడియారాల షాపు తెరవాలి, బోర్డు మీద బొమ్మ ఉంది, పేరు లేదు. అన్నయ్య మాట పోకూడదని బాబాయి తనే కూర్చుని, అన్నయ్య ఒంపులు గుర్తుతెచ్చుకుంటూ, అచ్చం ఆయన చేతిరాతే అనిపించేలా రాసేశాడు. జ్వరం తగ్గాక అన్నయ్య ఆ వీధిలో వెళ్తుంటే షాపాయన ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడట, మాస్టారూ, ఎన్ని బోర్డులు రాశారో గానీ ఈసారి మీ చెయ్యి తిరిగినట్టు ఎప్పుడూ తిరగలేదు అని.

అన్నయ్య ఇంటికొచ్చి అరవలేదు, తిట్టలేదు. తన కుంచెలు తను సర్దుకున్నాడు. ఇక నీకు నాతో పనేముందిరా అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇద్దరూ ఎదురుపడితే వీధి దాటేవాళ్ళే. బాబాయి అప్పట్నుంచీ ఒక్క అక్షరం రాయలేదు. అది వాడి పని అమ్మాయ్ అన్నాడు నాతో. అంత పెద్దాయన్ని వాడు అనడంలో ఎంత ప్రేముందో ఆయనకి తెలిసినట్టు లేదు.

నాకు నోరూ ఊరుకోదు, కాళ్ళూ ఊరుకోవు. మర్నాడు మేడంతో చెప్పి, ఊరి ఇంకో కొసన సైకిళ్ళ షాపు వెనకాల ఆ అన్నయ్య ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. గేటు తీసేసరికి వసారాలో కుర్చీ వేసుకుని, వీధి వైపు వీపు పెట్టి ఒకాయన పేపరు చదువుకుంటున్నాడు. నడినెత్తి మీద గుండ్రటి బట్టతల. ఎడమ భుజం కిందికి వాలి ఉంది. కుర్చీకి చేతికర్ర తగిలించి ఉంది. నేను గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ మనిషి ముఖం నేనెప్పుడూ చూడలేదు గానీ ఆ వీపు కౌంటరు వెనకాల కూర్చుని రోజూ చూస్తూనే ఉన్నాను.

బాబాయికి అన్న అయితే నాకు పెదనాన్నే కదా అని ఆ వరస కలిపేసి మాటలు మొదలుపెట్టాను. వాళ్ళావిడ, అంటే నాకు పెద్దమ్మ, టీ ఇచ్చింది. నాకు నిండుగా, ఆయనకి సగం కప్పే. ఆయన కప్పు ఎత్తేసరికి ఎందుకో అర్థమైంది. ఆ సగం కప్పు కూడా తొణికి ఆయన వేళ్ళ మీద పడింది. గోడ సంగతి, ఖాళీ పుస్తకాల సంగతి, స్టిక్కర్ల సంగతి అన్నీ విన్నాడు. ఖాళీ అట్టల మాట దగ్గర మాత్రం ఒక్కసారి తలెత్తి నా ముఖంలోకి చూశాడు. తర్వాత కుడిచెయ్యి నా ముందు చాపి, ఈ చేత్తో ఏం రాయమంటావమ్మా, వాడినే రాసుకోమను, వాడికి వచ్చుగా అన్నాడు. ఆ ‘వచ్చుగా’లో పుండు ఇంకా పచ్చిగానే ఉంది.

లాభం లేదని లేచాను. పెద్దమ్మ గేటు దాకా వచ్చి, వెనక్కి ఒకసారి చూసుకుని, నా చెయ్యి పట్టుకుంది.

“ఏటా మీ దులుపుడు ముందు మరిది వచ్చి అదిగో, ఆ మందుల షాపు పక్కన నిలబడి ఈయన్ని చూసిపోతాడమ్మా. ఈయనకి చెప్పలేదు. చెబితే లోపలికెళ్ళి కూర్చుంటారు.”

“మీరు పలకరించలేదా పెద్దమ్మా?”

“పలకరిస్తే రావడం మానేస్తాడేమోనని భయం. ఆ నాలుగు రోజులూ ఈయన కుర్చీ మాత్రం వెలుతురులోకి జరుపుతాను.”

ఇది విన్నాక కూడా నోరు మూసుకుని వెళ్ళిపోవడానికి నేనేమన్నా గోడ మీద బొమ్మనా? మళ్ళీ వసారాలోకి వచ్చాను. పెద్దమ్మ గుట్టు బయటపెట్టలేదు. పెదనాన్నా, అక్షరాల సంగతి వదిలెయ్యండి, మా గోడ మీద నిచ్చెనెక్కిన ఒకాయనున్నాడు, ఏటా ముసలాడైపోతున్నాడు, ఎవరో ఒక్కసారి వచ్చి చూడండి చాలు అని చెప్పి వచ్చేశాను.

రేపు తలుపులు తెరుస్తామనగా, ఆఖరిరోజు పొద్దున పెదనాన్నా పెద్దమ్మా వచ్చారు. బీరువాలన్నీ మధ్యకి జరిపి ఉన్నాయి, గదంతా టర్పెంటైన్ వాసన. మేడం అప్పుడే స్టిక్కర్ల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. బాబాయి దర్జీ ఆవిడ కళ్ళజోడుకి మెరుపు అద్దుతున్నాడు. కర్ర చప్పుడు విని తిరిగి చూసి, కుంచె అలాగే పట్టుకుని నిలబడ్డాడు. రంగు బొట్లుబొట్లుగా ఆయన చెప్పు మీద పడుతోంది.

పెదనాన్న తమ్ముణ్ణి చూడలేదు. తిన్నగా కుడివైపుకి నడిచి ఆ వీపు ముందు నిలబడ్డాడు. వాలిన భుజం చూసుకున్నాడు. బట్టతల చూసుకుని చెయ్యి తన తల మీదికి పోనిచ్చాడు. చేతికర్ర దగ్గర ఆగిపోయాడు. అది ఆయనకి వచ్చి ఏడాదిన్నర కూడా కాలేదని పెద్దమ్మ తర్వాత చెప్పింది. పిడికి చుట్టిన నీలం గుడ్డ సైతం బొమ్మలో ఉంది. దగ్గరగా వచ్చి చూడందే ఇవన్నీ ఎవరికి తెలుస్తాయి? అన్నదమ్ములు మాట్లాడుకోక అన్నేళ్ళయ్యాక మొదటిమాట ఏముంటుందా అని నేను ఊపిరి బిగబట్టుకుని ఉన్నాను.

“ఒరేయ్, పట్టుకునేవాడు లేకుండా నన్ను నిచ్చెన ఎలా ఎక్కించావురా?”

“పట్టుకునేవాడిని నేనే కదన్నయ్యా. పట్టుకోనిచ్చావా?”

మేడం నా చెయ్యి గట్టిగా నొక్కింది. పెద్దమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ పక్కనున్న బీరువా కూడా తుడిచేస్తోంది. పెదనాన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అది పోస్టుమాస్టరు కుర్చీ.

“ఆ షాపాయన నీ అక్షరాలు బాగున్నాయన్నందుకు కాదురా నాకు కోపం. వెళ్ళి నేను కూడా చూశాను. నిజంగానే బాగున్నాయి. అది నీతో అనడానికి నోరు రాలేదు.”

బాబాయి భుజాలు కదిలిపోతున్నాయి. నీ పని నేను ముట్టుకోనన్నయ్యా అన్నాడు. నువ్వు ముట్టుకోకపోతే ఇంకెవరు ముట్టుకుంటారు, ఆ స్టిక్కర్లా, అన్నాడు పెదనాన్న. మేడం చప్పుడు చెయ్యకుండా స్టిక్కర్ల కట్ట తీసి వెనక దాచుకుని, వెళ్ళి అందరికీ టీ చెప్పింది.

ఇక ఆ రోజంతా రాతే. ఏ పుస్తకానికి ఏ పేరో కుర్చీలో కూర్చుని పెదనాన్న చెబుతుంటే, నేను ఆ పాఠకుల స్వభావాలు విప్పి చెబుతుంటే, బాబాయి రాశాడు. మొదటి అక్షరానికి ఆయన చెయ్యి అన్నయ్య చేతికంటే ఎక్కువ వణికింది. మణికట్టు ఆనించుకోరా అని పెదనాన్న తన చేతికర్ర అందించాడు. దాన్ని గోడకి ఆనించుకుని, దాని మీద మణికట్టు పెట్టుకుని రాశాడు. కళ్ళజోడు ఆవిడ పుస్తకానికి ‘ఉప్పు ఎక్కువైతే ఏం చెయ్యాలి’. పరీక్షల అమ్మాయికి ‘కిటికీ అవతల’. పోస్టుమాస్టరు పేపరు మీద పెద్దక్షరాలతో ఒకే ఒక వార్త, ‘ఈరోజు విశేషాలేమీ లేవు’. తలకట్టు మరీ పైకి లాగావు, ఒత్తుకి చోటు వదల్లేదు అని పెదనాన్న సణుగుతూనే ఉన్నాడు. బాబాయి చిన్నపిల్లాడిలా తుడిచి మళ్ళీ రాస్తున్నాడు. ఆయన అంత సంతోషంగా తిట్లు తినడం నేనెప్పుడూ చూడలేదు. నా బోర్డు మీద ‘నిశ్శబ్దం’ రాశాక, రాశాం గానీ నువ్వు వింటావా అమ్మాయ్ అని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

చివరికి బీరువా పై అర మిగిలింది. దానికి మా అసలు నిచ్చెన తెచ్చి వేశారు. బాబాయి కింది మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు. పెదనాన్న కర్ర పక్కన పెట్టి, లేచి వచ్చి, రెండు చేతులతో నిచ్చెన పట్టుకున్నాడు. ఎక్కు, అన్నాడు. నేను కూడా ఓ చెయ్యి వెయ్యబోతే, ఒద్దమ్మా, నేనున్నాను, అన్నాడు. పైన ఆయన రాస్తున్నంతసేపూ కింద ఈయన కదల్లేదు.

మర్నాడు తలుపులు తెరిచాం. పిల్లలు ఒక్కో అట్టా కూడబలుక్కుని చదువుతూ నవ్వులే నవ్వులు. మేడం ఆ స్టిక్కర్లని అద్దాల బీరువాలో పెట్టింది, అతికించని పుస్తకాలు అని పేరు పెట్టి.

ఈ ఏడాది దులుపుడు వారానికి అన్నదమ్ములిద్దరూ కలిసే వచ్చారు. రావడం రావడమే పెదనాన్న గోడ ముందు కుర్చీ వేయించుకుని, ఎన్నేళ్ళు నిలబెడతావురా, కాళ్ళు పీకుతున్నాయి, నన్ను దింపు అన్నాడు. బాబాయి రోజంతా పనిచేశాడు. సాయంత్రానికి నిచ్చెన మీద పొడుగ్గా, సన్నగా ఇంకొకాయన ఉన్నాడు. ఇన్నేళ్ళలో బాబాయి తన్ను తాను వేసుకోవడం ఇదే మొదలు. కింద పెదనాన్న, మొదటిసారి మావైపు ముఖం తిప్పి, రెండు చేతులా నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. ముడతలు, బట్టతల, వాలిన భుజం, అన్నీ ఉన్నవి ఉన్నట్టే. చేతులు మాత్రం మెట్టు చుట్టూ గట్టిగా, కుదురుగా ఉన్నాయి.

పెదనాన్న టీకి వెళ్ళినప్పుడు బాబాయి పక్కకి చేరాను. నా తెల్లగీతకి ఇన్నాళ్ళకి దెబ్బకి దెబ్బ తీసే సమయం దొరికింది.

“చూసిందే వేస్తానంటావుగా బాబాయ్. పెదనాన్న చేతులు ఎప్పుడు అంత కుదురుగా ఉన్నాయి?”

బాబాయి కుంచె తుడుచుకుంటూ గోడ వైపే చూశాడు.

“నిచ్చెన పట్టుకున్నప్పుడు వణకవమ్మాయ్. పైనుంచి చూశాను.”